తొమ్మిదో స్లైడు

శుక్రవారం సాయంత్రం పద్మలత చేతికి నలభై ఆరు స్లైడ్ల ఫైలు వచ్చింది. సోమవారం పదకొండు గంటలకల్లా దాన్ని పన్నెండు స్లైడ్లకు కుదించాలి. ఎనుమాముల మార్కెట్ యార్డు అవతల సారంగపాణి గోదాములో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ల ఆరోగ్యం మీద కిషన్ రావు ఆఫీసు చేసిన సర్వే అది. అక్కడున్న మూసిన షెడ్డు నమూనాలోనే ఇంకో రెండు షెడ్లు కట్టుకుంటానని సారంగపాణి దరఖాస్తు పెట్టుకున్నాడు. కట్టనివ్వాలో వద్దో తేల్చే కమిటీ సోమవారం హన్మకొండలో కూర్చుంటుంది. ఫైలులో ఒకచోట, పద్నాలుగు గడుల వెడల్పున్న పట్టికలో, ఎవరి కంటికీ ఆనకుండా ఒక అంకె పడి ఉంది. మూసిన షెడ్డులో పనిచేసే ఇరవై ఏడు మందిలో పంతొమ్మిది మందికి ఆయాసం. పద్మలత ఆ పట్టికను తీసేసింది. దాని చోట ఇరవై ఏడు ఆడమనుషుల బొమ్మలు పెట్టి, పంతొమ్మిదింటికి ఎరుపు, మిగతా వాటికి బూడిద రంగు వేసింది. పైన ఒకటే వాక్యం రాసింది: 'ఇరవై ఏడు మందిలో పంతొమ్మిది మందికి ఊపిరి సరిగా ఆడడం లేదు.' పన్నెండింటిలో అది తొమ్మిదో స్లైడు. శనివారం పొద్దున కిషన్ రావు దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. చివరికి, "పద్మా, జర లోపలికి రా" అన్నాడు.

ఆమె లేచి వెళ్లింది.

సుబేదారిలో రెండో అంతస్తులో ఉంటుంది ఆ ఆఫీసు. కిషన్ రావు గది తప్పిస్తే మిగతాదంతా ఒకటే హాలు. ఎనిమిది మంది పనిచేస్తారు. పద్మలత కుర్చీ గోడ వైపు తిరిగి ఉంటుంది. ఎనిమిదేళ్లుగా ఆ గోడనే చూస్తూ ఆమె స్లైడ్లు చేసింది, టిఫిన్ డబ్బా కూడా అక్కడే విప్పుకుని తిన్నది. ఆమె చేసిన స్లైడ్లను ముందు నిలబడి చెప్పేది ఎప్పుడూ ఇంకొకరే. చప్పట్లు పడ్డప్పుడు ఆమె ల్యాప్‌టాప్ పక్కన కూర్చుని, తర్వాతి మీట నొక్కడానికి వేలు సిద్ధంగా పెట్టుకుని ఉండేది.

"తలుపు వెయ్యి" అన్నాడు కిషన్ రావు.

ఆయనకు అరవై దగ్గర పడుతున్నాయి. ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. పద్మలతకు స్లైడు అంటే ఏమిటో నేర్పింది ఆయనే. ఒక స్లైడులో ఒక మాటే చెప్పాలని, తల మీద పేరు కాదు, విషయం రాయాలని, ఆఖరి బెంచీలో కూర్చున్నవాడికి కనపడని అక్షరం రాయనట్టే లెక్కని ఆయన చెప్పిన మాటలే ఆమె బతుకుతెరువు.

"స్లైడు మంచిగుంది" అన్నాడు. "ఎనిమిదేండ్లల్ల నువ్వు చేసినయాటిల గింత మంచిది నేను చూడలే. గందుకే ఇది పనికిరాదు."

పద్మలత నిలబడే ఉంది. "అంకె తీసెయ్యమంటున్నరా సార్?"

"అబద్ధం రాయమని నీకెన్నడన్న చెప్పిన్నా? అంకె ఉండాలె. పట్టిక మల్ల పెట్టు. పద్నాలుగు గడులు అట్లనే ఉండనియ్యి. అక్షరం పది సైజుల పెట్టు. అందరికీ కాపీలు ఇస్తం. సదువుకునేటోళ్లు సదువుకుంటరు."

"ఎవ్వరు సదవరు సార్. మీకు తెలుసు."

"తెలుసు."

ఆయన అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. బుకాయిస్తే కోపం తెచ్చుకోవడానికి సిద్ధపడి వచ్చింది. ఇప్పుడు ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆఖరి బెంచీల కూసున్నోనికి కనవడాలె అన్నది మీరే గద సార్."

"అన్న. ఇప్పుడు కనవడొద్దు అంటున్న. కండ్లు మూసుకోమని ఎవ్వర్నీ అంటలేను. గట్టిగ సూపియ్యకు అంటున్న, గంతే." కిషన్ రావు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "సారంగపాణి ఇంకో మూడు సర్వేలు మనకే ఇస్తా అన్నడు. బయట ఎనిమిది మంది ఉన్నరు పద్మా. అందుల నువ్వు గూడ ఉన్నవు."

"షెడ్డుల పంతొమ్మిది మంది ఉన్నరు సార్."

ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. కిషన్ రావు ఆమె వైపు చూడలేదు. తన ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, ఏదో వెతికి, తెర ఆమె వైపు తిప్పాడు.

"ఇది యాదికున్నదా?"

ముదురు నీలంలో శీర్షిక. కింద అయిదు వాక్యాలు. వాక్యానికీ వాక్యానికీ మధ్య ధారాళంగా ఖాళీ. తన చేతిరాతను గుర్తుపట్టినట్టు పద్మలత దాన్ని గుర్తుపట్టింది. మూడేళ్ల కిందట ఇదే గోదాముకు మొదటి షెడ్డు కట్టేటప్పుడు చేసిన స్లైడు. ఆ రోజు మీటింగులో ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పది నిమిషాల్లో సంతకాలు అయిపోయాయి. ఇంత శుభ్రమైన ప్రెజెంటేషన్ ఈ మధ్య చూడలేదని ఎవరో అన్నారట. కిషన్ రావు ఆ మాట మోసుకొచ్చి చెప్తే, ఆమె ఆ వారమంతా సంతోషంగా ఉంది.

"యాదికుంది సార్."

ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి తెర పక్కన పెట్టాడు. షెడ్డు నమూనా గీసిన ఇంజనీరు ఇచ్చిన నోటు. "ఇందుల ఎన్ని పాయింట్లు ఉన్నయో చూడు."

ఆరు ఉన్నాయి.

ఆరోదాన్ని ఆమె రెండుసార్లు చదివింది. షెడ్డు మూసి ఉంటుంది కనుక మిర్చి ఘాటు బయటికి పోవడానికి గాలి లాగే ఫ్యాన్లు, వెనక వైపు రెండో తలుపు తప్పనిసరిగా పెట్టాలి.

"అది రెండు లైన్లు అయ్యింది" అన్నాడు కిషన్ రావు మెల్లిగా. "ఒత్తులు కింది లైను మీద పడుతున్నయి, స్లైడు ఇరుకైతాంది అన్నవు. తీసేస్తా అని నాకు చెప్పే తీసినవు. నేనేమన్ననో యాదికున్నదా?"

ఆమెకు గుర్తుంది. ఆయన ఆమె కుర్చీ వెనక నిలబడి, తల ఊపి, 'ఇప్పుడు స్లైడుకు ఊపిరాడుతాంది' అన్నాడు.

బయట హాలులో ప్రింటరు కాగితాలు కక్కుతున్న చప్పుడు తలుపు దాటి లోపలికి వచ్చింది. పద్మలత కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ గదిలో ఆయన కూర్చోమనకుండా ఆమె ఎప్పుడూ కూర్చోలేదు.

"బెదిరిస్తున్నరా సార్?"

"లేదు." ఆయన గొంతులో నిజంగానే బెదిరింపు లేదు. "సర్వే అంకెలు వచ్చి రెండు నెలలాయె. మొదలు ఆ పంతొమ్మిది చూసిన, తర్వాత పాత ఫైలు తీసి చూసిన. గప్పట్నుంచి నాకు నిద్రలేదు. నువ్వు తీసినవు, నేను చూసుకోలే, కమిటీ అడగలే, సారంగపాణికి కర్చు తప్పింది. ఎవ్వరం కావాలని చెయ్యలే పద్మా. గోడలైతే లేసినయి. రెండు నెలలు ఒక్కన్నే మోసిన. నీకు చెప్పొద్దనుకున్న. పొద్దున ఆ ఎర్ర బొమ్మలు చూసి ఆగలేకపోయిన."

ఆమె లేచి తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

*

కాశిబుగ్గలో ఒక డాబా మీద ఒంటి గది ఆమెది. మూడు గంటలకే ఇంటికి వచ్చేసింది. ఆ వేళప్పుడు ఆ గదిలో ఉండడం అలవాటు లేక, ఎండ పడిన గోడ కూడా కొత్తగా కనిపించింది. పాత హార్డ్‌డిస్కు తీసి ల్యాప్‌టాప్‌కు తగిలించింది. ఏ ఫైలునూ పారేయని మనిషి ఆమె. మొదటి ప్రతి, రెండో ప్రతి, మూడో ప్రతి అని తేదీలు వేసి దాచుకుంటుంది. మూడేళ్ల కిందటి రెండో ప్రతిలో ఆరు వాక్యాలు ఉన్నాయి. మూడో ప్రతిలో అయిదు. రెండింటికీ మధ్య పదకొండు నిమిషాలు.

పదకొండు నిమిషాల్లో తను ఏం ఆలోచించిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ఫ్యాన్ల గురించి ఆలోచించలేదు. ఆడవాళ్ల గురించీ ఆలోచించలేదు. తెలుగు అక్షరానికి కింద ఒత్తు, పైన గుడి ఉంటాయి కనుక లైన్ల మధ్య చోటు ఎక్కువ కావాలని, ఆరు పడితే అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయని మాత్రమే ఆలోచించింది. అది తప్పు కూడా కాదు. ఇరవై నాలుగు సైజులో ఆరు వాక్యాలు నిజంగానే పట్టవు. ఆ ఆరో దానికి వేరే స్లైడు ఇచ్చి ఉంటే సరిపోయేది. అది మాత్రం తట్టలేదు.

ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. ఫోను తీసి పేర్లు పైనుంచి కిందికి జరిపింది. ప్లంబరు, గ్యాసు, ఆఫీసు వాళ్లు, ఒకప్పుడు స్లైడ్లు చేసిపెట్టిన విద్యార్థులు. ఖమ్మంలో ఉన్న అన్న పేరు దగ్గర వేలు కాసేపు ఆగింది. రెండేళ్ల కిందట అమ్మ పోయినప్పటి నుంచి అన్న ఫోను చేసేది పండగలకే. చేస్తే పిల్లల మార్కులు చెప్పి, 'నువ్వు మంచిగున్నవా' అని అడిగి, జవాబు వినేలోపే పెట్టేస్తాడు.

అమ్మకు చదువు రాదు. అయినా పద్మలత స్లైడు చేసినప్పుడల్లా ల్యాప్‌టాప్ కిటికీలో పెట్టి, మంచం మీదున్న అమ్మను, 'ఏం కనవడ్తాందే?' అని అడిగేది. 'ఎర్రది పెద్దగుంది, పచ్చది సిన్నగుంది' అనేది అమ్మ. అది సరిపోయేది. ఇప్పుడు ఆమె తనే ల్యాప్‌టాప్ పెట్టి, తనే వెనక్కి ఎనిమిది అడుగులు నడిచి, తలుపుకు వీపు ఆనించి చూసుకుంటుంది. ఆ సాయంత్రమూ అలాగే నిలబడి పాత స్లైడు చూసింది. చాలా స్పష్టంగా కనిపించింది. అయిదు వాక్యాలు, ఒక్క అక్షరం తడబడకుండా.

సర్వే జాబితా తెరిచింది. పేరు, వయసు, ఉండే చోటు, ఫోను నంబరు. మొదటి పేరు రాజక్క.

*

ఆదివారం మార్కెట్ యార్డుకు సెలవు. యార్డు వెనక వాడలో రాజక్క ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేసరికి పదకొండు దాటింది. రేకుల ఇల్లు, ముందు చిన్న అరుగు. అరుగు మీద యాభై ఏళ్ల మనిషి గోడకు ఆనుకుని కూర్చుని, చీర కొంగుతో విసురుకుంటోంది.

"ఎవలు?"

"సర్వే ఆఫీసు నుంచి అక్కా. ఆ మధ్య మీ పేర్లు రాసుకున్నరు గద."

"మల్ల ఊదిచ్చుడా? నాకు ఊదే బలం లేదు సెల్లె. అప్పుడు ఆ గొట్టంల ఊదితేనే ముల్లు లేవలే, పిలగాండ్లు పరేషానైన్రు." ఇంత మాట్లాడడానికి ఆమె మూడుసార్లు ఆగింది. ఆగిన ప్రతిసారీ లోపలి నుంచి సన్నటి ఈల లాంటి చప్పుడు వినిపించింది. "కూసో. మంచినీళ్లు తాగుతవా? మా కోడలు పనికి పోయింది. ఆదివారం గూడ గోదాముల పని ఉంటది."

పద్మలత కూర్చుంది. రాజక్క నీళ్లు తేవడానికి లేవబోతే వద్దని ఆపింది.

"ఇంట్ల ఎందరు ఉంటరు సెల్లె మీరు?"

"నేనొక్కదాన్నే అక్కా."

రాజక్క ఆమెను పైనుంచి కిందికి చూసి, ఆ మాట మీద ఇంకేమీ అడగలేదు. అడగకపోవడం పద్మలతకు మంచిగా అనిపించింది.

సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి ఒడిలో పెట్టుకుంది. తొమ్మిదో స్లైడు తెరిచి రాజక్క వైపు తిప్పింది. ఎండ పడకుండా రాజక్క తన కొంగు తెర మీద అడ్డం పెట్టి, ముఖం దగ్గరికి తెచ్చింది.

"అందరు ఆడోళ్లే. ఎర్రగున్నోళ్లు ఎవలు?"

"దమ్ము రోగం, ఆయాసం ఉన్నోళ్లు."

రాజక్క వేలు పెట్టి ఒక్కొక్క బొమ్మనూ తాకుతూ పోయింది. "ఇందుల నేనేది?"

పద్మలత ఆ ప్రశ్నకు సిద్ధంగా లేదు. బొమ్మలన్నీ ఒకే బొమ్మ నకళ్లు. మొదటి వరసలో మొదటి ఎర్ర బొమ్మ చూపించింది. "ఇది మీరు అక్కా."

"నా పక్కన మల్లక్క కూసుండేది. గిదేనా మల్లక్క?"

జాబితాలో మల్లక్క అన్న పేరు లేదు. పద్మలత ఆ మాటే చెప్పింది.

"లేకుంటెట్ల? ఆ పిలగాండ్లు వచ్చిననాడు నా పక్కనే కూసున్నది. పేరు రాసుకున్నరు, ఏలు ముద్ర వెట్టిచ్చుకున్నరు. నాకన్న దానికే దమ్ము ఎక్కువ. నెల తిరగకముందే పాణం పాయె." రాజక్క ఆగి ఊపిరి పీల్చుకుంది. "ఇరవై ఏడు గాదు సెల్లె. ఇరవై ఎనిమిది మందిమి."

రోడ్డు మీద ట్రాలీ ఒకటి ఖాళీ గోనెసంచులతో వెళ్లింది. దాని వెంట లేచిన ధూళికి ఇద్దరూ దగ్గారు. పద్మలత దగ్గు ఆగిపోయింది. రాజక్కది ఆగలేదు. ఆమె రెండు చేతులూ అరుగు మీద మోపి వంగిపోయి దగ్గుతుంటే, వీపు మీద చెయ్యి వెయ్యాలో వద్దో తెలియక పద్మలత అలాగే ఉండిపోయింది. తర్వాత వేసింది. రవిక కింద ఎముకలు చేతికి తగిలాయి. మనిషిని ముట్టుకుని ఎన్నాళ్లయిందో ఆమెకు ఆ క్షణం లెక్క తెలియలేదు.

దగ్గు సర్దుకున్నాక చెప్పేసింది. మూడేళ్ల కిందట షెడ్డు కాగితం రాసింది తనేనని, అందులో ఫ్యాన్ల మాట, రెండో తలుపు మాట ఉండేవని, చూడ్డానికి ఇరుకుగా ఉందని తీసేసిందని. ఇరుకుగా ఉండడం అంటే ఏమిటో చెప్పలేక తడబడింది. రాజక్క కదలకుండా విన్నది.

"గా తలుపు కోసం మేము ఎన్నిసార్లు అడిగినమో తెలుసా?" అంది చివరికి. "నమూనల లేదు, నమూనల లేదు అనేటోళ్లు. నమూన అంటే ఎవలో పెద్ద సారు గీస్తడనుకున్న. నువ్వా."

తిట్టలేదు. తిడితే బాగుండేది. పోనీలే అని కూడా అనలేదు.

"మల్ల రాయ వస్తదా ఇప్పుడు?"

"వస్తదక్కా. రేపు కమిటీ ముందట పెడతరు."

"మల్లక్కను గూడ రాయి. నా పేరు మాత్రం ఎత్తకు. మా కోడలు అక్కడనే ఉన్నది. నేను చెప్పిన్నని తెలిస్తే దాని పని పోతది. నామీద ఒట్టు పెట్టు."

పద్మలత ఆమె చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చింది.

ఇంటికి వచ్చి సర్వే జాబితా మళ్లీ తీసింది. ఈసారి పేర్లు చదవలేదు, వరస సంఖ్యలు చదివింది. పదకొండు, పన్నెండు, పదమూడు, పదిహేను. చివరి సంఖ్య ఇరవై ఎనిమిది.

*

సోమవారం తొమ్మిదిన్నరకే ఆమె హన్మకొండలో కమిటీ కూర్చునే హాలుకు చేరుకుంది. ప్రొజెక్టరు పెట్టించి, తొమ్మిదో స్లైడు వేసి, ఆఖరి వరస దాకా నడిచింది. కిటికీ వెలుగుకు బూడిద రంగు బొమ్మలు గోడలో కలిసిపోయి మాయమయ్యాయి. వెనక్కి వచ్చి వాటిని ముదురు చేసింది. మళ్లీ వెళ్లి చూసింది. ఇప్పుడు ఇరవై ఎనిమిది చోట్లూ కనిపిస్తున్నాయి. ఇరవై ఏడు బొమ్మలు, చివర మనిషి ఆకారంలో ఒక ఖాళీ గీత. గీత కింద 'మల్లక్క' అని పేరు. పదో స్లైడులో ఇంజనీరు రాసిన ఆరో వాక్యం ఒక్కటే ఉంది, ఇంకేమీ లేదు.

కిషన్ రావు వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ముందుగాల్నే చెప్తున్న సార్" అందామె. "తొమ్మిదోదాన్ని పట్టికగ మార్చలే. ఇంకోటి చేర్చిన. మీరు చెప్పకపోతే నేను చెప్త."

"నువ్వా? ఎనిమిదేండ్లల్ల ఒక్కసారన్న మైకు పట్టినవా?"

"పట్టలే సార్."

ఆయన తెర మీద ఖాళీ గీతను, దాని కింద పేరును చూశాడు. ముఖం పాలిపోయింది. ఏదో అనబోయి, తలుపులో సారంగపాణి కనిపించేసరికి ఆగిపోయాడు.

పదకొండుకు కమిటీ కూర్చుంది. అధ్యక్షురాలు డాక్టర్ తాహెరా బేగం, పెద్ద దవాఖానలో పనిచేసి రిటైరైన మనిషి. ఆమెకు అటూ ఇటూ ఇద్దరిద్దరు సభ్యులు. ఎదురు వరసలో సారంగపాణి, అతని మనుషులు. కిషన్ రావు మొదటి స్లైడు నుంచి ఎనిమిదో స్లైడు దాకా ఎప్పటిలాగే చెప్పాడు, నవ్వించాల్సిన చోట నవ్వించాడు. తొమ్మిదోది తెర మీదికి రాగానే మైకు బల్ల మీద పెట్టి, వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

హాలంతా మైకు వైపు చూసింది. పద్మలత లేచింది. అయిదడుగుల దూరం. మైకు చేతిలోకి తీసుకున్నాక తన ఊపిరి చప్పుడు తనకే పెద్దగా వినిపించింది.

"నా పేరు పద్మలత. ఈ స్లైడు నేను చేసిన. మూడేండ్ల కింద ఈ షెడ్డు స్లైడు గూడ నేనే చేసిన. అందుల ఒక వాక్యం తీసేసిన. అది ఇది."

పదో స్లైడు వేసింది. దాన్ని చదివి వినిపించలేదు. అక్షరాలు గోడంత పెద్దగా ఉన్నాయి. అందరూ చదువుకునేదాకా ఆగింది. సభ్యుల్లో ఒకాయన కళ్లద్దాలు పెట్టుకుని, తర్వాత తీసేసి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆమె తొమ్మిదో స్లైడుకు తిరిగి వచ్చింది.

"ఆ ఫ్యాన్లు లేవు, ఆ తలుపు లేదు. లోపల ఇరవై ఎనిమిది మంది కూసున్నరు. వాళ్లల్ల ఒకామె ఇప్పుడు లేదు."

సారంగపాణి లేచాడు. గొంతు పెంచలేదు. "అమ్మా, మల్లక్క అన్న మనిషి మా గోదాముల ఎన్నడు పనిచెయ్యలే. మా రిజిస్టర్ల లేదు, మీ సర్వేల లేదు. నీకెవరు చెప్పిన్రు?"

"జాబితాల పదమూడు తర్వాత పదిహేను ఉన్నది సార్. పద్నాలుగు లేదు."

"టైపు కొట్టినోని తప్పు."

తాహెరా బేగం చెయ్యెత్తి అతన్ని ఆపింది. "బేటీ, నువ్వు చెప్పింది చిన్న మాట కాదు. ఒక మనిషి చచ్చిపోయిందంటున్నవు. ఎవరు చెప్పిన్రో చెప్పు, పిలిపిచ్చి అడుగుతం."

రాజక్క వీపు ఎముకలు గుర్తొచ్చాయి. పద్మలత మైకును రెండు చేతులతో పట్టుకుంది. "చెప్పలేను మేడం."

"చెప్పకపోతే నేను ఇది రికార్డుల రాయలేను. ఒక్కటి తప్పయితే స్లైడు మొత్తం పక్కన పెట్టమంటరు వీళ్లు. సమజైతాందా? ఆ పంతొమ్మిది మంది గూడ పోతరు."

ఆమెకు అర్థమవుతూనే ఉంది. చెప్తే ఒకరి ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది, చెప్పకపోతే షెడ్లు లేస్తాయి. ఇన్ని కళ్లు తన మీద పడడం ఆమె జీవితంలో ఎన్నడూ జరగలేదు, ఇంత ఒంటరిగా ఉండడమూ ఎన్నడూ జరగలేదు. గోడ వైపు తిరిగిన ఆ కుర్చీ ఒక్క క్షణం ఎంతో హాయైన చోటులా తోచింది.

"చెప్పను మేడం" అంది. "మాట ఇచ్చిన."

సారంగపాణి నవ్వి కూర్చోబోయాడు. అప్పుడు వెనక కుర్చీ కీచుమంది. కిషన్ రావు లేచి నిలబడ్డాడు. చొక్కా లోపలి జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన సర్వే కాగితం ఒకటి తీసి విప్పాడు. కింద నీలం సిరాతో వేలిముద్ర ఉంది.

"ఆమెను అడగకుండ్రి మేడం. పద్నాలుగోది నా దగ్గరున్నది. మల్లక్కది. జాబితాల నుంచి తీసింది నేనే."

సారంగపాణి ముఖంలో నవ్వు ఆరలేదు.

కిషన్ రావు అతని వైపు చూడలేదు. కమిటీ బల్ల వైపు తిరిగి, అక్కడ కూర్చున్న అయిదుగురినీ ఒక్కొక్కరినే చూస్తూ వచ్చి, ఇందాక కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్న సభ్యుడి దగ్గర ఆగిపోయాడు.

"తియ్యమన్నది మాత్రం సారంగపాణి కాదు" అన్నాడు.